తూకం ముందు రాత్రి

వేదిక మీది పెద్దలకు, జిల్లా నలుమూలల నుంచి వచ్చిన పీఈటీలకు, కోచ్‌లకు, పిల్లల్ని ఆటల్లోకి పంపిన తల్లిదండ్రులకు నమస్కారం.

నాకిచ్చిన అంశం ‘క్రీడాకారుల ఆరోగ్యం’. మోకాలి లిగమెంట్ల దగ్గర మొదలుపెడితే సాయంత్రం దాకా అక్కడే ఉంటాం. అందుకని ఒక్క విషయమే మాట్లాడతాను. బరువు చూసి ఆడించే ఆటల్లో, తూకం ముందు రోజు రాత్రి మన పిల్లలు ఒంటిని ఎలా ఎండబెట్టుకుంటున్నారన్నదే ఆ విషయం.

2024 ఆగస్టు 7న పారిస్ ఒలింపిక్స్‌లో ఏం జరిగిందో మీకు తెలుసు. ముందు రోజు మన రెజ్లర్ వినేశ్ ఫొగట్ మూడు బౌట్లు గెలిచింది. అంతర్జాతీయ పోటీల్లో అప్పటిదాకా ఓటమెరుగని జపాన్ రెజ్లర్ యుయి సుసాకిని మొదటి బౌట్‌లోనే ఓడించింది. తెల్లారి తూకంలో 50 కిలోల మీద 100 గ్రాములు ఎక్కువ తూగింది. రాత్రంతా చెమట పట్టించారు, జుట్టు కత్తిరించారు, అయినా ఆ వంద గ్రాములు దిగలేదు. ఫైనల్ పోయింది, ఆమె డీహైడ్రేషన్‌తో ఆస్పత్రి పాలైంది. మన టీవీల్లో ఆ వారమంతా తప్పెవరిది, కుట్ర ఉందా అన్న చర్చే. టోక్యోలో 53 కిలోల్లో ఆడిన మనిషి 50లోకి దిగాలంటే ఒంటికి ఏమవుతుందని అడిగినవాళ్లు తక్కువ.

మన నిజామాబాద్ అమ్మాయి, బాక్సర్ నిఖత్ జరీన్ సంగతి ఇంకా తక్కువమంది పట్టించుకున్నారు. 2022లో 52 కిలోల్లో ప్రపంచ చాంపియన్. పారిస్‌లో ఆ కేటగిరీ లేదు. 50కి దిగి, 2023లో అక్కడా ప్రపంచ చాంపియన్ అయింది. పారిస్‌లో చైనా బాక్సర్ వు యు చేతిలో ఓడిపోయాక తనే చెప్పింది: రెండు రోజులుగా తిండి లేదు, నీళ్లూ తాగలేదు, తూకం అయ్యాక కోలుకునే టైమ్ దొరకలేదు అని. ఓటమికి అదొక్కటే కారణమని నేననను. వు యు మామూలు ప్రత్యర్థి కాదు. కానీ ప్రపంచ చాంపియన్ స్థాయి మనిషికి, చుట్టూ అంత మంది సిబ్బంది ఉండగా ఈ పరిస్థితి వస్తే, మన అండర్-14 కబడ్డీ పిల్లాడి మాటేమిటి?

సెలక్షన్ల రోజు పొద్దున్నే గ్రౌండ్‌కి వెళ్లి చూడండి. స్వెట్టర్ మీద రెయిన్‌కోటు తొడుక్కుని పిల్లలు రౌండ్లు కొడుతుంటారు. చూయింగ్ గమ్ నములుతూ, ఊరిన ఉమ్మి మింగకుండా ఖాళీ సీసాలోకి ఉమ్ముతుంటారు. పెదాలు పగిలి ఉంటాయి. పక్కనే తండ్రి నీళ్ల సీసా పట్టుకుని, ‘‘తూకం అయ్యాక తాగుదువులే నాన్నా’’ అంటుంటాడు. ప్రేమ లేక కాదు, సీనియర్లంతా అలాగే చేశారని ఎవరో చెప్పారు కాబట్టి.

ఇలా తగ్గేది కొవ్వు కాదు. కిలో కొవ్వు కరగాలంటే 7,000 కేలరీలకు పైగా ఖర్చు కావాలి, అది ఒక్క రాత్రిలో జరిగే పని కాదు. పోయేది నీరు. చెమట పట్టేకొద్దీ రక్తంలో నీరు తగ్గి, చిక్కబడుతుంది. కొట్టుకున్న ప్రతిసారీ గుండె పంపే రక్తం తగ్గుతుంది కాబట్టి అది వేగం పెంచుతుంది. చర్మానికి రక్తం చాలక ఒంట్లో వేడి బయటికి పోదు. కిడ్నీలకూ రక్తం తగ్గుతుంది. 50 కిలోల పిల్లాడికి ఒక్క కిలో నీరు పోయినా దమ్ము తగ్గడం మొదలవుతుంది. ‘తూకం అయ్యాక రెండు లీటర్లు పట్టిస్తాం కదా సార్’ అంటారు కోచ్‌లు. ఉప్పు లేని ఉత్త నీళ్లు గబగబా తాగితే చాలా భాగం మూత్రంలోనే పోతుంది. ఇక పస్తులతో కండరాల్లో ఖాళీ అయిన గ్లైకోజన్ అనే చక్కెర నిల్వ మళ్లీ నిండాలంటే దాదాపు ఒక రోజు పడుతుంది. మీ మ్యాచ్ మధ్యాహ్నమే.

ఏడాది పొడవునా అరకడుపుతో ఆడే అమ్మాయిల సంగతి వేరే. నెలసరి ఆగిపోతుంది, ఎముక బలం తగ్గుతుంది, దెబ్బ తగలకుండానే ఎముకలో చీలిక వస్తుంది. ఒంటికి చాలినంత శక్తి అందని ఈ స్థితికి 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. ఆటలాడే పిల్లలకు నెలసరి ఆగడం మామూలేనని తల్లులు సర్దుకుంటున్నారు. మామూలు కాదు, డాక్టరుకు చూపించండి.

ఇంకొందరు మందుల షాపులో మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర కొనిస్తున్నారు. ఫ్యూరోసెమైడ్ లాంటి ఈ మందులన్నీ పోటీ ఉన్నా లేకున్నా డోపింగ్ నిషేధ జాబితాలోనే ఉంటాయి. వీటివల్ల ఒంట్లో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది, అది ఇంకా పెద్ద ప్రమాదం. 2003 క్రికెట్ ప్రపంచకప్ మొదలవుతుండగా ఆస్ట్రేలియా స్పిన్నర్ షేన్ వార్న్ ఇంటికి వెళ్లిపోయింది ఇలాంటి మాత్ర వల్లే. అమ్మ ఇచ్చిందన్నాడు. ఏడాది నిషేధం తప్పలేదు.

నియమాలు మారిస్తే ఇది ఆగుతుందా? కొంత ఆగుతుంది. అమెరికాలో 1997 చివర్లో కొద్ది వారాల తేడాతో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు బరువు తగ్గించుకుంటూ చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి కాలేజీ పోటీల్లో ఆవిరి గదులు, రబ్బరు సూట్లు నిషేధించారు. తూకాన్ని బౌట్‌కు దగ్గరగా జరిపారు. ఎండిన ఒంటితో వెంటనే బరిలోకి దిగాల్సి వస్తే ఎవరూ అంతగా ఎండబెట్టుకోరన్నది లెక్క. కానీ పారిస్‌లోనూ తూకం పొద్దున్నే, బౌట్లు అదే రోజు. అయినా ఏమైందో చూశాం. అందుకే ఒక్క రూలు చాలదు. ఏ కేటగిరీలో ఆడించాలన్నది సీజన్ మొదట్లోనే, పిల్లాడు కడుపునిండా తిని, నీళ్లు తాగి ఉన్నప్పుడు చూసిన బరువును బట్టి తేలాలి. ఆ పని చేయాల్సింది ఈ హాల్లో కూర్చున్న మీరే.

‘పై కేటగిరీకి పంపితే ఓడిపోతాడు సార్’ అన్న మాట మీ నాలుక చివర ఉందని నాకు తెలుసు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి గారు 1994, 1995లలో వెయిట్‌లిఫ్టింగ్ 54 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 69 కిలోల్లో. ఆమె పై కేటగిరీకే వెళ్లారు.

చివరగా ఒక అత్యవసరం. రెయిన్‌కోటు వేసుకుని పరుగెత్తిన పిల్లాడు తడబడి, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది నీరసం కాదు, వడదెబ్బ. తాగించాలని చూడకండి, పొరబోతుంది. బట్టలు తీసేసి, టబ్బు దొరికితే మెడ దాకా చల్లటి నీళ్లలో కూర్చోబెట్టి, తల మునగకుండా పట్టుకోండి. లేకపోతే ఒళ్లంతా బకెట్లతో పోస్తూ ఫ్యాను పెట్టండి. ఈలోగా ఒకరు 108కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం ఆపకండి. మీ గ్రౌండ్‌లో అంత పెద్ద టబ్బు ఉందా? లేనివాళ్లు చేతులెత్తండి, ప్రశ్నలు అక్కడి నుంచే మొదలుపెడదాం.