రోలై 35: అరచేతిలో ఇమిడే జర్మన్ ఫిల్మ్ కెమెరా

నమస్కారం. ఈ వీడియోలో రోలై 35 గురించి వివరంగా మాట్లాడుకుందాం. బల్ల మీద రెండు కెమెరాలున్నాయి: ఒకటి జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో తయారైంది, రెండోది ఉత్పత్తిని సింగపూర్‌కు తరలించాక అక్కడ తయారైంది. సేకరణకర్తలు మొదటిదానికే ఎక్కువ ధర పెడతారు. ఫొటోలు తీయడానికి కొనేవారు మాత్రం దాని మీద చెక్కిన దేశం పేరు కన్నా అది ఎంత బాగా పనిచేస్తోందో చూసి కొనాలని నా గట్టి అభిప్రాయం.

దీని రూపకర్త హైంజ్ వాస్కె మొదట వీస్‌బాడెన్‌లోని విర్గిన్ కంపెనీలో పనిచేసేవారు. ఆ కంపెనీ యజమాని కెమెరాల తయారీ మానుకోవాలని నిర్ణయించడంతో, వాస్కె తన నమూనాతో రోలై సంస్థలో చేరారు. 1966లో కొలోన్‌లో జరిగిన ఫొటోకినా ప్రదర్శనలో అది అందరి ముందుకూ వచ్చింది. చిన్న కెమెరా అంటే సగం ఫ్రేముతో, అంటే ఫిల్మ్ మీద మామూలు సైజులో సగం బొమ్మతో, సరిపెట్టుకుంటున్న ఆ రోజుల్లో, ఆయన పూర్తి 24×36 మిల్లీమీటర్ల ఫ్రేమునే సుమారు 370 గ్రాముల ఈ పెట్టెలో ఇమిడ్చారు.

అదెలా సాధ్యమైందో దగ్గరగా చూడండి. లెన్స్ లోపలికి ముడుచుకోవాలంటే దాని చుట్టూ ఉండే షట్టర్ అడ్డొస్తుంది. అందుకని వాస్కె షట్టర్‌ను రెండుగా విడదీసి, రెక్కలను లెన్స్ గొట్టంలోనూ, వేగాన్ని నియంత్రించే పళ్లచక్రాలను కెమెరా లోపలా అమర్చారు. ఈ కారణంగానే, లెన్స్‌ను మూసే ముందు ఫిల్మ్ లీవర్‌ను తప్పనిసరిగా తిప్పి, పైనున్న చిన్న బటన్ నొక్కి పట్టుకొని, గొట్టాన్ని తిప్పి లోపలికి తోయాలి. కదలకపోతే బలం ఉపయోగించకండి. పాడైన రోలైలలో చాలావాటికి ఆ తొందరపాటే కారణం.

ఇందులో రేంజ్‌ఫైండర్ (దూరాన్ని కొలిచే సాధనం) లేదు, దూరాన్ని మనమే అంచనా వేయాలి. ఇది లోపమని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. 40 మిల్లీమీటర్ల టెస్సార్ లెన్స్‌ను ఎఫ్/8 ఎపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం సైజు) వద్ద ఉంచి, దూరం 3 మీటర్లకు పెడితే, సుమారు 2 మీటర్ల నుంచి 5 మీటర్లు దాటే వరకు అంతా స్పష్టంగా వస్తుంది. ఎపర్చర్, షట్టర్ స్పీడ్ చక్రాలు ముందువైపే ఉన్నాయి, వెలుతురును కొలిచే మీటరు ముల్లు పైభాగంలో కనిపిస్తుంది. కాబట్టి కెమెరాను కంటి దాకా ఎత్తకుండానే అన్నీ సిద్ధం చేసుకోవచ్చు. సంతలోనో తిరునాళ్లలోనో మనుషులను వారి పనిలో ఉండగా ఫొటో తీసేవారికి ఇంతకన్నా అనువైన అమరిక నేను చూడలేదు. ఫ్లాష్ మాత్రం అడుగున బిగించాలి. నీడలు పైకి పడకుండా ఉండాలంటే కెమెరాను తలకిందులుగా పట్టుకోవాలి.

1974లో వచ్చిన 35 ఎస్ మోడల్‌లో ఎక్కువ వెలుతురును లోపలికి రానిచ్చే ఎఫ్/2.8 సోనార్ లెన్స్ ఉంది. సాయంత్రాలు ఎక్కువగా తీసేవారు దాన్ని ఎంచుకోవచ్చు. పగటి వెలుతురుకు టెస్సార్ చక్కగా సరిపోతుంది.

కొనేటప్పుడు అర సెకను స్పీడ్ పెట్టి, చెవి దగ్గర ఉంచుకొని నొక్కండి. పళ్లచక్రాల సన్నని గరగర తెగకుండా వినిపించి, రెక్కలు వెంటనే మూసుకోవాలి. మధ్యలో ఆగితే లోపల నూనె గట్టిపడిందని అర్థం, సర్వీసు ఖర్చును ధరలో తగ్గించమని అడగండి. లెన్స్ గొట్టం బయటికి లాగాక ఊగకూడదు. మీటరు 1.35 వోల్టుల పాదరసం సెల్లు కోసం తయారైంది, ఆ సెల్లు ఇప్పుడు దొరకదు. 1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్లు వేస్తే రీడింగు తప్పుతుంది కాబట్టి, జింక్-ఎయిర్ సెల్లు గానీ, వోల్టేజీ తగ్గించే అడాప్టర్ గానీ వాడాలి. సెల్లు గది ఫిల్మ్ ఉండే చోటే ఉంది, రీలు మధ్యలో మార్చడం కుదరదు. అందుకే కొత్త రీలు ఎక్కించే ముందే మీటరును పరీక్షించుకోండి. దానికి ఆపే స్విచ్ కూడా లేదు, పని లేనప్పుడు కెమెరాను వెలుతురు తగలని సంచిలో ఉంచండి.