గిట్ట కింద నేల

శ్రోతలకు నమస్కారం. గుర్రప్పందెం అనగానే మనకు జాకీ గుర్తొస్తాడు, పందెం కాసి ఆస్తి పోగొట్టుకున్నవాడు గుర్తొస్తాడు. గుర్రం పరిగెత్తే నేల మాత్రం గుర్తురాదు. ఈ పూట ఆ నేల గురించే మాట్లాడతాను.

మన హైదరాబాదు మలక్‌పేటలో పందేలు పచ్చిక మీద జరుగుతాయి. అమెరికాలో పేరున్న పందేలు ఎక్కువగా మట్టి మీద జరుగుతాయి. 1875లో మొదలైన కెంటకీ డెర్బీ నేటికీ మట్టి మీదే. ఇరవై ఏళ్ల కిందట అక్కడే ఒక పెద్ద వివాదం లేచింది: మట్టిని తీసేసి, మనిషి తయారుచేసిన సింథటిక్ నేల పరవాలా, వద్దా?

ముందు గుర్రం కాలు చూడండి. పందెపు గుర్రం దాదాపు అయిదు వందల కిలోలు తూగుతుంది, గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ పరుగులో ఒక్కో క్షణం ఒంటి భారమంతా ఒకే కాలి మీద పడుతుంది, అదీ అసలు బరువుకు రెండింతలకు పైగా. మోకాలి కింద చూస్తే కండ లేదు. ఎముక, స్నాయువు, పైన చర్మం, అంతే. అది విరిగితే మనిషిలా మంచాన పడి కోలుకునే వీలు గుర్రానికి లేదు. అది నిలబడి బతికే ప్రాణి. 2006లో కెంటకీ డెర్బీ గెలిచిన బార్బరో, రెండు వారాలకే మరో పెద్ద పందెంలో కుడి వెనకకాలు విరగ్గొట్టుకుంది. గొప్ప వైద్యులు శస్త్రచికిత్స చేశారు. విరిగిన కాలు కుదుటపడుతుండగా, బరువంతా మోసిన ఎడమకాలి గిట్ట పాడైంది. ఎనిమిది నెలలు పోరాడాక, 2007 జనవరిలో దానికి ప్రశాంతమైన మరణం ఇవ్వక తప్పలేదు.

ఇక ఆ సింథటిక్ నేల. గుప్పెడు తీసి అరచేతిలో పోసుకుంటే తడిసిన ఇసుకలా ముద్దగా ఉంటుంది, కానీ చేతికి తడి అంటదు. ఇసుక రేణువులకు మైనం పూత ఉంటుంది. వేలితో కదిపితే సన్నని దారపు పోగులు, కొన్ని రకాల్లో రబ్బరు ముక్కలు తగులుతాయి. వాన నీరు పైన నిలవకుండా కిందికి ఇంకిపోతుంది. గిట్ట దిగినప్పుడు నేల కొంచెం లొంగుతుంది, అదురు తగ్గుతుంది. ఇంగ్లండులో పుట్టిన పాలీట్రాక్, గుర్రాల శిక్షకుడు మైకేల్ డికిన్‌సన్ రూపొందించిన టాపెటా ఇందులో పేరుమోసినవి. టాపెటా అంటే లాటిన్‌లో తివాచీలు.

కాలిఫోర్నియా పందేల బోర్డు 2006లో పెద్ద ట్రాకులన్నీ 2007 చివరికల్లా సింథటిక్‌కు మారాలని ఆదేశించింది. ఉద్దేశం మంచిదే, తొందర మాత్రం చేటు చేసింది. అక్కడి శాంటా అనీటా పందేల మైదానంలో పరిచిన కొత్త నేల 2008 తొలి వానలకే నీటిని ఇంకించుకోలేక పోయింది, పందేలు రద్దయ్యాయి. అదే ఏడాది దాన్ని తీసేసి మరో రకం పరిచారు. ఎండకు మైనం మెత్తబడి ఉదయం ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటోందని శిక్షకులు విసిగిపోయారు. వెనకకాళ్లకు కొత్త రకం నొప్పులు వస్తున్నాయన్నారు. ఇవి కొట్టిపారేయదగిన మాటలు కావు. గుర్రాన్ని రోజూ తెల్లవారుజామున తడిమి చూసేవాళ్ల మాటలు.

కానీ ట్రాకులు మళ్లీ మట్టి వైపు మళ్లడానికి కారణం అదొక్కటే కాదు. 2008లో శాంటా అనీటాలో జరిగిన బ్రీడర్స్ కప్ క్లాసిక్ అనే పెద్ద పందెంలో, మట్టి మీద మేటి అనిపించుకున్న కర్లిన్ అనే గుర్రం నాలుగో స్థానంలో వచ్చింది. యూరప్ పచ్చికల మీద పరిగెత్తుతూ వచ్చిన రేవెన్స్ పాస్ గెలిచింది. మట్టి మీద వేగం కోసం తరాలుగా గుర్రాలను పెంచిన పెంపకందారులకు, పాత లెక్కలు చూసి పందెం కాసేవారికి ఇది మింగుడుపడలేదు. శాంటా అనీటా 2010 చివర్లో మళ్లీ మట్టికి వెళ్లింది. 2014లో కెంటకీలోని కీన్‌లాండ్, 2015లో కాలిఫోర్నియాలోని డెల్ మార్ అదే దారి పట్టాయి. దుబాయిలోని మైదాన్ కూడా టాపెటాను తీసేసింది.

ఇప్పుడు నన్ను కలచివేసే విషయం చెబుతాను. అమెరికా జాకీ క్లబ్ 2008 నుంచి గుర్రాల గాయాల లెక్క రాస్తోంది. 2023లో ప్రతి వెయ్యి పరుగులకు ప్రాణాంతక గాయాలు మట్టి మీద 1.43, పచ్చిక మీద 1.13, సింథటిక్ మీద 0.97. అన్ని నేలల మీదా ఒకే రకం గుర్రాలు పరిగెత్తవు కాబట్టి తేడా మొత్తం నేలదే అనడం న్యాయం కాదు. అయినా ఏడాది తర్వాత ఏడాది సింథటిక్ అంకె మట్టి కంటే తక్కువగానే ఉంటూ వచ్చింది. మట్టికి తిరిగి వెళ్లిన శాంటా అనీటాలోనే, 2018 డిసెంబరు నుంచి 2019 జూన్ వరకు ఒక్క సీజనులో ముప్ఫై గుర్రాలు చనిపోయాయి. ఆ ఏడు వానలు విపరీతం, శిక్షణ పద్ధతులూ ప్రశ్నార్థకమే. మట్టి ఒక్కటే దోషి అనను. కానీ మైనం మెత్తబడితే సరిచేయవచ్చు, నీరు ఇంకకపోతే కాలువ తవ్వవచ్చు. సరిచేయగల లోపాలను చూపించి, ప్రాణాలు కాపాడే నేలను ఎత్తి పారేయడం నాకు అన్యాయంగానే తోస్తుంది. పందెం ఎవరు గెలుస్తారో గుర్రానికి అక్కర్లేదు. కాలు ఎక్కడ మోపాలో తానుగా ఎంచుకునే వీలూ దానికి లేదు.

వాదం ఇంకా నడుస్తోంది. ఫ్లోరిడాలోని గల్ఫ్‌స్ట్రీమ్ పార్క్ 2021లో మట్టి, పచ్చికలతో పాటు టాపెటా ట్రాకునూ చేర్చుకుంది. న్యూయార్క్‌లో పాత కట్టడం కూల్చి కొత్తగా కడుతున్న బెల్మాంట్ పార్కు నమూనాలో మట్టి ట్రాకు ఉంది, పచ్చిక ట్రాకులు ఉన్నాయి, వాటితో పాటు సింథటిక్ ట్రాకు కూడా ఉంది.

నమస్కారం.