కబ్జా వేరు, హక్కు వేరు

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంతదూరం వచ్చినందుకు చాలా సంతోషం.

యుద్ధంలో గెలిచిన నేల గెలిచినవాడి సొంతమైపోతుందా? హైదరాబాద్‌లో ఉంటున్నవాళ్ళకి ఈ ప్రశ్న కొత్తది కాదు. నగర శివార్లలో మా నాన్నగారు రెండువందల గజాల ప్లాటు కొన్నారు. ఒకరోజు వెళ్ళి చూస్తే మా హద్దురాళ్ళు పీకేసి ఉన్నాయి. కొత్త కడీలు, మధ్యలో రేకుల షెడ్డు, దాని ముందు కుర్చీలో ఒక మనిషి. "ఇది మాది సార్, మీరు వెళ్ళండి" అన్నాడు. రిజిస్ట్రేషన్ కాగితాలు నాన్న చేతిలోనే ఉన్నాయి. దాన్ని మనం కబ్జా అంటాం. అదే పని సైన్యంతో చేస్తే విజయం అంటాం.

గోల్కొండలో ఏనుగులు కుమ్మకుండా ఇనప మేకులు దిగ్గొట్టిన తలుపులున్న ద్వారాన్ని ఫతే దర్వాజా అంటారు. అంటే విజయ ద్వారం. ఆ విజయం ఔరంగజేబుది. 1687లో ఎనిమిది నెలలు ముట్టడించాక, లోపలివాళ్ళే తలుపు తీస్తే అతని సేన కోటలోకి వచ్చింది. కోట ఏలిన తానీషా దౌలతాబాద్‌లో బందీగా చనిపోయాడు. పేరు మాత్రం గెలిచినవాడి పేరే నిలిచింది.

నన్ను ఇంతకంటే బాధపెట్టేది రాయలసీమ కథ. టిప్పు సుల్తాన్‌తో జరిగిన యుద్ధాల్లో, 1792లోనూ 1799లోనూ, నిజాం వాటాకి బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు వచ్చాయి. 1800లో ఆయన వాటిని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. ఎందుకు? తన దగ్గర పెట్టుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద! కత్తితో వచ్చింది, కత్తి బాకీ కింద పోయింది. అక్కడ జొన్న వేసుకునే రైతుని ఎవరూ ఒక్క మాట అడగలేదు. పైగా ఆ నేలకి దత్త మండలం అని పేరు, అంటే ఎవరో ఎవరికో ఇచ్చేసినది. సినిమా వాళ్ళు ఇప్పటికీ "నైజాం, సీడెడ్" అని కలెక్షన్లు లెక్కపెడుతుంటారు కదా, ఆ సీడెడ్ ఇదే. ఆ పేరు అవమానంగా తోచి 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అనే పేరు ప్రతిపాదించారు.

అదే 1928లో పారిస్‌లో చాలా దేశాలు యుద్ధాన్ని విధానంగా వాడుకోబోమని ఒప్పందం చేసుకున్నాయి. నిలబెట్టుకోలేదు, రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. తర్వాత 1945లో ఐక్యరాజ్యసమితి చార్టర్ ఇంకో దేశపు నేల మీదికి బలంతో వెళ్ళడాన్ని నిషేధించింది. అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం తర్వాత, 1967 నవంబర్‌లో, భద్రతామండలి 242వ తీర్మానం యుద్ధంతో భూమి సంపాదించడం చెల్లదని స్పష్టంగా రాసింది. అప్పుడు మండలిలో మన దేశం కూడా ఉంది, ఆ తీర్మానం ఏకగ్రీవం. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని కలిపేసుకుంటే, అదీ చెల్లదని మండలి తేల్చింది. ఆ రోజుల్లో కడప, గోదావరి జిల్లాల నుంచి పనికి వెళ్ళినవాళ్ళ ఇళ్ళలో ఎంత టెన్షనో, మీలో కొందరికి తెలిసే ఉంటుంది.

"మరి పాతవన్నీ తిరగదోడాలా?" అని నన్ను అడుగుతుంటారు. అక్కర్లేదు. అలా మొదలుపెడితే కాకతీయుల దాకా, ఇంకా వెనక్కి పోవాలి. కానీ పాతదాన్ని వదిలేయడం వేరు, దాన్ని చూపించి రేపు ఇంకొకరి నేల మీదికి పోవడం వేరు. కర్ర ఉన్నవాడిదే బర్రె అనేది సామెతగా ఉండొచ్చు గానీ, చట్టం కాకూడదు.

ఇక మన 1948 సంగతి. దాటేసి వెళ్ళిపోవడం నాకిష్టం లేదు. సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా ఐదు రోజుల్లో భారత సైన్యం హైదరాబాద్ సంస్థానాన్ని దేశంలో కలిపే పని పూర్తి చేసింది. ఇక్కడి ప్రజలు అంతకుముందే నిజాం పాలన మీద, రజాకార్ల మీద పోరాడుతున్నారు. 1952లో ఓటేసి తమ శాసనసభని తామే ఎన్నుకున్నారు. నా దృష్టిలో హక్కు వచ్చింది ఆ పోరాటం వల్ల, ఆ ఓటు వల్ల. ట్యాంకుల వల్ల కాదు. ఆ రోజుల్లో ఊళ్ళలో చనిపోయిన ముస్లింల గురించి కేంద్ర ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ రాసిన నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. ఆ కుటుంబాలకి మనం జవాబు బాకీ ఉన్నాం. రజాకార్ల చేతిలో మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాలకీ అంతే.

ఆ రోజుల గురించి మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పినవి ఉంటే ఇప్పుడు చెప్పండి. మైక్ ముందు వరసకి పంపిస్తున్నాం.