డాబా మీది చువ్వలు

శ్రోతలకు నమస్కారం.

విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఏ వీధిలోనైనా డాబా ఎక్కి చుట్టూ చూడండి. పక్కిళ్ల పిల్లర్ల నెత్తిన నాలుగేసి, ఆరేసి చువ్వలు నిక్కి నిలబడి ఉంటాయి. కొన్నిటికి బట్టలారేసే తీగ కట్టి ఉంటుంది. కొన్నిటి మీద ఖాళీ కూల్‌డ్రింకు సీసాలు బోర్లించి ఉంటాయి. పిల్లలు ఎదిగాక పైన ఇంకో అంతస్తు వేసుకుందామని ఆనాడు వదిలిన చువ్వలవి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్ నగర్, పాయకాపురం ఇళ్లలోకి వచ్చిపోయాక, పైన ఒక్క గదైనా ఉంటే బాగుండేదనుకోని కుటుంబం అటువైపు ఉండదేమో.

సరే, పైన కట్టాలి. పని ఎవరికి అప్పజెప్పాలి? మనవాళ్లలో చాలామంది కాంట్రాక్టరు గుమ్మంలోకి రాగానే అడిగేది, "అడుగు ఎంతకు చేస్తారండీ?" అని. ఆ ప్రశ్నను ఆఖరికి నెట్టేయమంటాను. ముందు ఆయన్ని డాబా మీదికి తీసుకెళ్లండి. ఆ చువ్వల దగ్గర నిలబెట్టి, "మేస్త్రీ గారూ, వీటిని ఏం చేద్దాం?" అని అడగండి. అడిగి ఊరుకోండి. ఆయన చేతులు ఏం చేస్తాయో చూడండి.

పటమటలో ఒక డాబా ఉందనుకుందాం. ఇరవై ఏళ్ల కిందట కట్టింది. తొమ్మిది పిల్లర్లు. ఒక్కో పిల్లరుకు నాలుగు 12 ఎంఎం చువ్వలు, మూరెడు పొడుగున బయటికున్నాయి. ముగ్గురు కాంట్రాక్టర్లు వచ్చి చూశారు.

మొదటాయన దూరం నుంచే చూసి, "ఏం పర్లేదండీ, సిమెంటు పాలు పూసేసి కొత్త చువ్వ పక్కన పెట్టి కట్టేస్తాం. ఎన్ని చెయ్యలేదు!" అన్నాడు. రేటు కూడా అక్కడే చెప్పేశాడు.

రెండో ఆయన, "ఇవి పనికిరావండీ, కోసేసి డ్రిల్లు వేసి కెమికల్‌తో కొత్తవి దింపుదాం" అన్నాడు. ఆయనా రేటు అక్కడే చెప్పాడు.

మూడో ఆయన గొంతుక్కూర్చున్నాడు. చువ్వ స్లాబులోంచి బయటికొచ్చే మొదట్లో ఉలితో రెండు దెబ్బలు వేశాడు. పెచ్చు రాలింది. ఇనప బ్రష్షుతో రుద్ది, మందం కొలిచే కాలిపర్ పెట్టి కొలిచాడు. రెండో పిల్లరు, మూడో పిల్లరు దగ్గరా అదే పని చేశాడు. అప్పుడు లేచి, "కింద పునాది చూడందే నేను రేటు చెప్పలేనండీ. పాత ప్లాను కాగితం ఏమైనా ఉందా?" అన్నాడు.

మనకు కావలసిన మనిషి ఈ మూడో ఆయన. ఎందుకో చెబుతాను.

చువ్వ పైభాగంలో తుప్పు ఎర్రగా పొడిపొడిగా కనిపిస్తే బెదిరిపోనక్కర్లేదు. అది బ్రష్షుకు పోతుంది. అసలు నష్టం చువ్వ మొదలు దగ్గర జరుగుతుంది. వానకు స్లాబు మీద నీళ్లు నిలిచేది అక్కడే. ఇనుము పొరలు పొరలుగా ఉబ్బి, పెచ్చులు రాలేదీ అక్కడే. చూడటానికి చువ్వ లావెక్కినట్టు కూడా ఉంటుంది, అది తుప్పు లావు. రుద్దాక 12 ఎంఎం చువ్వ 10 ఎంఎంకు దిగిందనుకోండి. రెండు ఎంఎంలే కదా అనిపిస్తుంది. కానీ బరువు మోసేది చువ్వ అడ్డకోత మొత్తం. 12 చువ్వ అడ్డకోత సుమారు 113 చదరపు మిల్లీమీటర్లు, 10ది 78 పైచిలుకు. అంటే ముప్పై శాతం పోయినట్టే! సిమెంటు పాలు పూస్తే పోయిన ఇనుము తిరిగి రాదు. పెచ్చు మీద పూసిన పాలు పెచ్చుతోపాటే ఊడొస్తాయి.

రెండోది పొడుగు. పాత చువ్వ పక్కన కొత్తది జోడించేటప్పుడు రెండూ ఎంత మేర ఒకదాని పక్కన ఒకటి ఉండాలన్నదానికి పనివాళ్ల లెక్క ఒకటుంది. చువ్వ మందానికి 50 రెట్లు. 12 ఎంఎంకు 600 ఎంఎం, అంటే రెండు అడుగులు. 16 ఎంఎంకు 800, అంటే రెండు అడుగుల ఎనిమిది అంగుళాలు. మన పటమట డాబా మీద ఉన్నది మూరెడు, అడుగున్నర. చాలదు. మొదటాయన దీన్ని కొలవనే లేదు. పైగా జోడింపు ఉన్నంత మేరా చువ్వలను చుట్టి కట్టే రింగులు నాలుగు అంగుళాలకు ఒకటి చొప్పున దగ్గరగా పడాలి, రింగు కొనలు లోపలికి, కాంక్రీటు గుండెలోకి వంగి ఉండాలి. 2016 నాటి భూకంప ప్రమాణంలో విజయవాడ మూడో జోన్‌లో, అంటే ఓ మోస్తరు ప్రమాదమున్న జోన్‌లో ఉంది. భూమి ఊగినప్పుడు పిల్లరుకు ఎక్కువ దెబ్బ తగిలేది స్లాబుకు ఆనుకుని ఉన్న చోట. మన జోడింపు సరిగ్గా అక్కడే పడుతోంది కాబట్టి రింగుల దగ్గర పొదుపు పనికిరాదు.

మరి రెండో ఆయన చెప్పిన, చువ్వను కాంక్రీటుకు అతికించే కెమికల్ సంగతి? అది తప్పు పద్ధతి కాదు. తొందరగా చేస్తే తప్పవుతుంది. 12 చువ్వకు మామూలుగా 16 ఎంఎం రంధ్రం వేస్తారు. ఎంత లోతు అనేది ఇంజనీరు కాగితం మీద రాసివ్వాలి, డ్రిల్లు పట్టుకున్న కుర్రాడు తేల్చేది కాదు. లోపలి పాత చువ్వలు ఎక్కడున్నాయో మిషను పెట్టి చూసుకుని మరీ వేయాలి. వేశాక ఆ రంధ్రాన్ని ఊదాలి, బ్రష్షుతో తోమాలి, మళ్లీ ఊదాలి. రంధ్రంలో దుమ్ముంటే కెమికల్ దుమ్మును పట్టుకుంటుంది, కాంక్రీటును పట్టుకోదు. చువ్వ చూపులకు గట్టిగానే నిలబడుతుంది, బరువు పడ్డాక జారుతుంది. కాబట్టి రెండో ఆయన్ని అడగాల్సింది, "రంధ్రం దేంతో శుభ్రం చేస్తారు?" అని. ఊదే పంపు, బ్రష్షు తన దగ్గరుంటే చూపిస్తాడు. నోటితో ఊదుతామన్నాడా, నమస్కారం పెట్టి పంపించేయండి.

ఇక మూడో ఆయన అడిగిన పునాది మాట. పైన ఎంత అందంగా కట్టినా మోయాల్సింది కిందది. పిల్లరు పక్కన మనిషి దిగేంత గుంట తీసి, పిల్లరు అడుగున ఉండే కాంక్రీటు దిమ్మ, అంటే ఫుటింగు కనబడే దాకా వెళ్లి, పొడవు, వెడల్పు, మందం, నేల నుంచి లోతు కొలవాలి. ఫుటింగు అడుగు కిందికి మాత్రం తవ్వకూడదు. మూల పిల్లరు ఒకటి చూసి ఊరుకుంటే కుదరదు, నడిమి పిల్లరూ చూడాలి. తొమ్మిది పిల్లర్ల ఇంట్లో నడిమిది మోసే స్లాబు వైశాల్యం, మూల పిల్లరు మోసేదానికి సుమారు నాలుగింతలు. నడిమిది చూడాలంటే హాల్లో టైల్సు నాలుగు పగలగొట్టాలి. ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోరండీ అంటారు కొందరు మగవాళ్లు. నిజానికి ఒప్పుకోనిది ఎక్కువసార్లు మగవాళ్లే. నాలుగు టైల్సు ఖర్చుకు వెనకాడితే ఆ తర్వాతి ఖర్చుకు అంతుండదు.

గుంట తీసినప్పుడు మట్టి కూడా తెలుస్తుంది. గుంటూరు వైపు నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చీలుతుంది. అందులో ఫుటింగు పైపైనే ఉంటే పై అంతస్తు బరువు పడకముందే గోడలు బీటలు చూపిస్తుంటాయి. ఈ కొలతలన్నీ తీసుకుని, ఈ పునాది పై అంతస్తు మోస్తుందో లేదో లెక్క కట్టాల్సింది స్ట్రక్చరల్ ఇంజనీరు. ఆయనకు ఫీజు మీరే విడిగా ఇవ్వండి. కాంట్రాక్టరు వెంటబెట్టుకొచ్చిన ఇంజనీరు కాంట్రాక్టరు మనిషే అవుతాడు. చూసిన గుంటను అదే రోజు పొరలు పొరలుగా దిమ్మిస చేసి పూడ్పించండి, వానకు తెరిచి ఉంచొద్దు.

పిల్లర్లు లేకుండా తొమ్మిదంగుళాల గోడల మీద నిలబడ్డ పాత ఇల్లయితే కథ వేరు. చువ్వలే ఉండవు. అలాంటి ఇంటి మీద "ఏం పర్లేదు, వేసేద్దాం" అన్న కాంట్రాక్టరును రెండోసారి పిలవొద్దు. ఇక కార్పొరేషన్ అనుమతి. కింద అంతస్తుకే తీసుకున్న ప్లాను పైదానికి చెల్లదు. లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్ ద్వారా ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి. అందులో దాపరికం లేని కాంట్రాక్టరు ఆ మాట తానే ఎత్తుతాడు.

ఆయన కట్టిన ఇళ్లు చూడాలా? చూడాలి. కానీ రంగులేసిన ఇల్లు చూడొద్దు, రంగు కింద ఏదైనా దాగుతుంది. ఇప్పుడు నడుస్తున్న పని ఎక్కడుందో అడిగి, స్లాబు వేసే రోజు చెప్పకుండా వెళ్లండి. కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర నిలబడండి. ఒక్కో సిమెంటు కట్టకు ఎన్ని నీళ్లు పోస్తున్నారు? మామూలు ఇంటి కాంక్రీటుకు 50 కిలోల కట్టకు 30 లీటర్లు మించకూడదు. ఇసుక తడిగా ఉంటే ఆ తడి మేరకు ఇంకా తగ్గించాలి. పని సులువుగా జారుతుందని గొట్టం వదిలేసి పోస్తుంటే ఆ మేస్త్రీ మీ ఇంట్లోనూ అంతే పోస్తాడు. చువ్వల కింద వాటిని ఎత్తి ఉంచే కవర్ బ్లాకులున్నాయా, లేక కంకర రాళ్లు తోశారా? కాంక్రీటును కుదించే వైబ్రేటరు పనిచేస్తోందా, మూలన పడుకుందా? అరగంట చాలు.

ఇప్పుడు రేటు. ఇప్పుడే అడగండి. తగాదాలు రేటు దగ్గర రావు, అడుగుల లెక్క దగ్గర వస్తాయి. మెట్లు లెక్కలో ఉన్నాయా? సజ్జాలు? బాల్కనీ మొత్తం లెక్క కడతారా, సగమా? పిట్టగోడ విడిగానా? పరంజా, సెంట్రింగు, మిల్లరు అద్దె, మెటీరియల్ పైకి మోసే కూలి, గోడలు తడిపే మనిషి ఎవరి ఖర్చు? ఇవన్నీ కాగితం మీదికి రావాలి. మెటీరియల్‌తో సహా ఒప్పుకుంటే కట్టల లెక్క కూడా రాయించండి. వెయ్యి అడుగుల స్లాబు, ఐదంగుళాల మందం, ఒక పాలు సిమెంటుకు ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాళ్లలో వేస్తే సుమారు 95 కట్టల సిమెంటు పడుతుంది. బీములు దానికి అదనం. అరవై కట్టల్లో ముగిస్తానన్న మనిషి మీకు పొదుపు చేయడం లేదు. అడ్వాన్సు కూలీలు దిగడానికి సరిపడా ఉంటే చాలు. స్లాబుకు ఇవ్వాల్సింది స్లాబు పడ్డాక, ప్లాస్టరింగుకు ఇవ్వాల్సింది ప్లాస్టరింగు అయ్యాక. ఆఖరి వాయిదాలో కొంత ఒక వానాకాలం గడిచేదాకా అట్టే పెట్టుకుంటామని ముందే చెప్పండి. ముఖం చిట్లించినా ఒప్పుకుంటాడు, పని మీద నమ్మకమున్నవాడైతే.

ఒప్పందంలో ఎవరూ రాయించని సంగతి ఇంకొకటుంది. ఇటుకలు ఎక్కడ పేరుస్తారు? కింద వీధి ఇరుకని ఇటుకలన్నీ పైకెక్కించి డాబా నడిమధ్య నాలుగడుగుల ఎత్తు పేరుస్తారు. ఇటుక మూడు కిలోలనుకుంటే, ఆ దొంతర కింద ఒక్కో చదరపు అడుగు మీద సుమారు 170 కిలోలు పడుతుంది. ఇంటి స్లాబును సామాను, మనుషుల బరువుకని లెక్క కట్టేది చదరపు మీటరుకు 200 కిలోలకు, అంటే అడుగుకు పద్దెనిమిది, పందొమ్మిది కిలోలకు. తొమ్మిది రెట్లు! మీ కింది గదిలో సీలింగుకు సన్నటి బీట వచ్చిందంటే ఇదీ ఒక కారణం కావచ్చు. బీముల వెంబడి, మోకాలెత్తు మించకుండా, ఏ రోజు పనికి ఆ రోజు ఇటుకలే పైకి రావాలని రాయించండి. కొత్త గోడలూ అంతే. పదడుగుల ఎత్తున నాలుగున్నర అంగుళాల గోడ, అడుగు పొడుగుకు రెండొందల కిలోలుంటుంది. దాని కింద బీము ఉండాలి. గది కాస్త పెద్దది చేద్దామని గోడను స్లాబు మధ్యకు జరపమని మీరే అడిగారనుకోండి, కుదరదనే కాంట్రాక్టరు దొరకడం మీ అదృష్టం.

సెంట్రింగు విప్పే దగ్గర కూడా తొందరపడతారు, ఇంకో ఇంటికి సామాను కావాలని. పదిహేను అడుగుల లోపు స్లాబుకు కింద ఆనించిన పోట్లు కనీసం 7 రోజులు ఉండాలి, అంతకు మించితే 14, ఇరవై అడుగుల లోపు బీములకూ 14. ఇది మామూలు ఓపీసీ సిమెంటు లెక్క. మన చేతికొచ్చే కట్టల మీద ఎక్కువగా పీపీసీ అని ఉంటుంది, అంటే బూడిద కలిపిన సిమెంటు. అది నెమ్మదిగా బలం పుంజుకుంటుంది, దానికి ఇంకొన్ని రోజులు ఆగాలి, తడపడమూ కనీసం పది రోజులు సాగాలి.

నాకిచ్చిన సమయం అయిపోవస్తోంది. ఈ ఏడాది కట్టే ఉద్దేశం లేనివాళ్లకు ఒక్క మాట. ఆ చువ్వల మీది సీసాలు తీసేయండి. అవి కొనను కాపాడతాయి గానీ, తుప్పు పట్టేది చువ్వ మొదలు దగ్గర. వాన లేని వారంలో చువ్వ మొదలు చుట్టూ కాంక్రీటును రెండంగుళాల మేర చెక్కించి, చువ్వలను ఇనప బ్రష్షుతో మెరిసేదాకా రుద్దించి, చిక్కటి సిమెంటు పాలు రెండు పూతలు వేయించండి. పూత ఆరాక చువ్వల చుట్టూ చెక్క పెట్టె బిగించి, తక్కువ సిమెంటుతో కాంక్రీటు పోయించండి, రేపు సుత్తితో కొడితే విడిపోయేలా. దాని నెత్తి నీళ్లు జారేలా వాలుగా ఉండాలి. అడుగున స్లాబుతో కలిసే చోట చుట్టూ సిమెంటు మాలు వాలుగా పెట్టించండి. ఒక మేస్త్రీకి, ఒక కూలీకి అది రెండు రోజుల పని.