తోకచుక్క ఎక్కడుంటుందో చెప్పొచ్చు, ఎంత వెలుగుతుందో చెప్పడమే కష్టం

[స్క్రీన్ మీద: సూర్యుడు దిగిపోయాక పడమటి ఆకాశం. కింద తేదీ: 2024 అక్టోబర్ 20]

నమస్కారం అండీ. ఆ రోజు సాయంత్రం ఏడు గంటలకు మా ఊరి చెరువు కట్ట మీద నిలబడి ఉన్నాను. పడమట కింద శుక్రుడు మెరిసిపోతున్నాడు. అక్కడి నుంచి పైకి, కాస్త కుడిపక్కకు బైనాక్యులర్ తిప్పాను. నల్లబల్ల మీద సుద్ద గీతను అరచేత్తో తుడిచేస్తే మిగిలే మరకలా ఒక మసక వెలుగు కనబడింది. కింద కొన మాత్రం చిక్కగా ఉంది. అదే షుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క. దాని కోసం ఏడాదిన్నరగా ఎదురుచూశాను.

అది ఆ సాయంత్రం సరిగ్గా అక్కడే ఉంటుందని నాకు నెలల ముందే తెలుసు. ఎంత వెలుగుతో కనబడుతుందో మాత్రం బయటికొచ్చి చూసేదాకా తెలీదు. ఈ వీడియో ఆ తేడా గురించే.

[స్క్రీన్ మీద: చుక్కల మధ్య కదులుతున్న చిన్న మసక బిందువు]

2023 జనవరి 9న చైనాలోని పర్పుల్ మౌంటెన్ అబ్జర్వేటరీ వాళ్లు దీన్ని మొదట గుర్తించారు. షుచిన్‌షాన్ అంటే ఆ కొండ పేరే. తర్వాత ఎవరికీ దొరకలేదు, పోయిందనే అనుకున్నారు. ఫిబ్రవరి 22న దక్షిణాఫ్రికాలోని అట్లాస్ టెలిస్కోప్‌కు మళ్లీ దొరికింది. అప్పుడు పాత ఫొటోలు తిరగేస్తే, 2022 డిసెంబర్‌లో అమెరికాలో తీసిన వాటిలోనూ ఉంది! ఎవరూ గమనించలేదంతే.

ఈ పాత ఫొటోలకు ఎందుకంత విలువ? కక్ష్య గీయాలంటే తోకచుక్క ఏ రోజు ఏ చోట ఉందో తెలియాలి. లెక్క ప్రకారం మూడు చోట్లు తెలిస్తే కక్ష్య గీసేయొచ్చు. కానీ ఆ మూడూ నాలుగు రోజుల్లోనే తీసినవైతే, పెద్ద వంపులో చిన్న ముక్క చూసి మొత్తం గీసినట్టే. చూసిన కాలం పెరిగేకొద్దీ గీత స్థిరపడుతుంది. ప్రపంచం నలుమూలల నుంచీ ఈ కొలతలు, వీటిని పోగుచేసే మైనర్ ప్లానెట్ సెంటర్ అనే సంస్థకు చేరతాయి. వాటిలో ఔత్సాహికులు సొంత టెలిస్కోప్‌తో తీసి పంపేవీ చాలా ఉంటాయి.

ఆ లెక్కలోంచి వచ్చినవే ఈ అంకెలు. 2024 సెప్టెంబర్ 27న సూర్యుడికి అతి దగ్గరగా, 5 కోట్ల 86 లక్షల కిలోమీటర్ల దూరంలో. అప్పుడు వేగం సెకనుకు సుమారు 67 కిలోమీటర్లు. అక్టోబర్ 12న భూమికి దగ్గరగా, దాదాపు 7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. కక్ష్య వాలు, అంటే భూమి కక్ష్యతో అది చేసే కోణం, 139 డిగ్రీలు. 90 దాటిందంటే గ్రహాలు తిరిగే దిక్కుకు ఎదురుగా వస్తోందన్నమాట.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. "80 వేల ఏళ్లకోసారి వచ్చే తోకచుక్క" అని అప్పట్లో అందరూ షేర్ చేశారు. అది తొలినాళ్ల లెక్క. కక్ష్య ఎంత సాగి ఉందో చెప్పే అంకెను ఉత్కేంద్రత అంటారు, దీనికి అది దాదాపు 1. అక్కడ చివరి దశాంశంలో చిన్న మార్పు వచ్చినా 80 వేలు కాస్తా లక్షలవుతాయి, లేదా అసలు తిరిగిరాదని తేలుతుంది. సూర్యుడి దగ్గర ఏ రోజు ఉంటుందో రోజు తప్పకుండా చెప్పగలిగిన లెక్కే, మళ్లీ ఎప్పుడొస్తుందంటే తడబడుతుంది. అందుకే ఆ 80 వేల అంకె నేను ఎక్కడా వాడను.

[స్క్రీన్ మీద: చాచిన చెయ్యి, బిగించిన పిడికిలి, వెనక ఆకాశం]

ఇక ఎటు చూడాలి? నేల మీద అక్షాంశం, రేఖాంశం ఉన్నట్టే ఆకాశంలో డెక్లినేషన్, రైట్ అసెన్షన్ ఉంటాయి. హొరైజన్స్ అనే నాసా వెబ్‌సైట్‌లో మీ ఊరు, తేదీ ఇస్తే ఈ రెండూ వస్తాయి. ఆకాశ పటం చూపే స్టెల్లేరియం యాప్‌లోనూ చూడొచ్చు, కాకపోతే కక్ష్య వివరాలు అప్‌డేట్ చేసుకోండి. పాతవి వాడితే చుక్క ఒకచోట, మీ చూపు ఇంకోచోట.

కట్ట మీద నిలబడ్డప్పుడు నేను చూసేది మాత్రం ఒక్కటే, దిగంతం నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తు అని. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. నడిమి మూడు వేళ్లు అయిదు, చిటికెన వేలు ఒకటి. ఆ సాయంత్రం తోకచుక్క మూడు పిడికిళ్లకు కాస్త పైన ఉంది. భూమికి దగ్గరగా ఉన్న రోజుల్లో రోజుకు సుమారు మూడు వేళ్ల మేర కదిలింది. ఆ వారం మధ్యలో శుక్రుడికీ స్వాతి నక్షత్రానికీ నడుమ ఉంది. నిన్న చూసిన చోటే ఇవాళా వెతికితే దొరకదు.

[స్క్రీన్ మీద: రెండు గీతలు ఒకేచోట మొదలై విడిపోతున్నాయి]

ఇప్పుడు వెలుగు సంగతి. వెలుగును మాగ్నిట్యూడ్‌లో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. అయిదు తగ్గితే వెలుగు వంద రెట్లు. బాగా చీకటి ఉన్న పల్లెలో కంటికి ఆరు దాకా అందుతుంది. హైదరాబాద్ నడిబొడ్డున మూడు కనబడినా గొప్పే.

తోకచుక్క మనకు సగం దూరానికి వస్తే నాలుగు రెట్లు వెలుగుతుంది. ఇందులో ఏ అనుమానమూ లేదు. సూర్యుడికి సగం దూరానికి వెళితే? రాయి అయితే నాలుగు రెట్లే. కానీ తోకచుక్క మంచూ దుమ్మూ కలిసిన ముద్ద. వేడి తగిలితే వాయువు చిమ్ముతుంది, దుమ్ము లేస్తుంది, వెలుగును వెనక్కి పంపే మేఘం పెరుగుతుంది. అందుకని మామూలుగా పదహారు రెట్లని లెక్కేస్తారు. కొన్ని తోకచుక్కలు ఎనిమిది రెట్ల దగ్గరే ఆగిపోతాయి.

పదహారుకూ ఎనిమిదికీ పెద్ద తేడా ఏముందనిపిస్తుంది. కానీ తోకచుక్క సూర్యుడికి పదో వంతు దూరానికి వచ్చేసరికి మొదటి లెక్కలో వెలుగు పది వేల రెట్లు, రెండో లెక్కలో వెయ్యి రెట్లు. పల్లె కంటికి అందేదీ బైనాక్యులర్ లేనిదే దొరకనిదీ అక్కడే విడిపోతాయి. మొదటిసారి సూర్యుడి దగ్గరికి వచ్చేవాటితో ఇంకా చిక్కు. వాటి పైపొరలో గడ్డకట్టిన వాయువులు చాలా దూరంలోనే ఆవిరవుతాయి, ముందే బాగా వెలిగి ఆశ పెడతాయి, తర్వాత చల్లబడతాయి. 1973లో కొహౌటెక్ తోకచుక్క అలాగే నిరాశపరిచింది. 2013 నవంబర్ 28న ఐసాన్ అనే తోకచుక్క సూర్యుడి పక్కనుంచి వెళుతూ ముక్కలైపోయింది. ఆ రాత్రి లైవ్ చూసిన బాధ నాకింకా గుర్తుంది.

షుచిన్‌షాన్-అట్లాస్ కూడా విరిగిపోతుందని 2024 జులైలో జ్దెనెక్ సెకానినా రాశారు. తోకచుక్కల మీద దశాబ్దాలు పనిచేసిన మనిషి మాట కాబట్టి రెండు నెలలు టెన్షన్‌తో గడిచాయి. అది బతికి బయటపడింది.

అంతేకాదు, అక్టోబర్ 9 ప్రాంతంలో మామూలు లెక్కకు అందనంతగా వెలిగింది. సాయంత్రం పశువులు తిరిగొచ్చేటప్పుడు లేచే దుమ్ము చూశారా? సూర్యుడు మన వీపు వెనక ఉంటే ఆ దుమ్ము కంటికి ఆనదు. సూర్యుడికి ఎదురుగా నిలబడితే అదే దుమ్ము బంగారంలా మెరుస్తుంది. ఆ రోజుల్లో తోకచుక్క మనకూ సూర్యుడికీ మధ్యకు వచ్చింది. దాని దుమ్మూ అలాగే మెరిసింది. కానీ సూర్యుడి పక్కనే ఉండటంతో ఆ మెరుపును మనకు బాగా చూపించింది సూర్యుడిని గమనించే సోహో అంతరిక్ష నౌక కెమెరానే.

[స్క్రీన్ మీద: ఫోకస్ తప్పించగా ఉబ్బిన చుక్క, పక్కన తోకచుక్క తల]

వెలుగును కొలవడం ఎవరైనా నేర్చుకోవచ్చు. తోకచుక్క వెలుగు పరుచుకుని ఉంటుంది, చుక్క వెలుగు ఒక్క బిందువులో ఉంటుంది. నేరుగా పోల్చితే తప్పు వస్తుంది. ముందు తోకచుక్క తల ఎంత పెద్దగా, ఎంత వెలుగుతో ఉందో మనసులో పెట్టుకోండి. తర్వాత బైనాక్యులర్‌ను తెలిసిన చుక్క మీదికి తిప్పి, అది కూడా అంతే పెద్దగా ఉబ్బేదాకా ఫోకస్ తప్పించండి. ఇప్పుడు పోల్చండి. ఆ వైపే పక్కపక్కనే ఉన్న రెండు చుక్కలు, మాగ్నిట్యూడ్ 2.7 ఉన్న యెడ్ ప్రయర్, 3.2 ఉన్న యెడ్ పోస్టీరియర్, నాకు పనికొచ్చాయి. తోకచుక్క రెండోదానికంటే కాస్త తగ్గింది. ఇలాంటి అంచనాలను కాబ్స్ అనే తోకచుక్కల డేటాబేస్‌కు పంపొచ్చు. వెలుగు ఏ గీత వెంట నడిచిందో తేలేది వీటితోనే.

ఆ రాత్రి చందమామ ఎనిమిది ప్రాంతంలో తూర్పున వచ్చేస్తాడు, ఆలోపే ముగించాలి. టార్చ్‌కు ఎర్ర కాగితం చుట్టి నోట్‌బుక్‌లో రాసుకున్న వరుస ఇది: "అక్టోబర్ 20, రాత్రి 7.10. మాగ్నిట్యూడ్ 3.4. పది బై యాభై బైనాక్యులర్. తోక మూడు వేళ్లు, పైకి. పడమట పలచని మబ్బు."