నెలాఖరు పాయసం: ఎర్ర గోధుమ నూకతో

నేను: నమస్తే అండీ. ఈ రోజు రికార్డింగ్ మా పిన్ని వంటింట్లోనే. మధ్యలో కుక్కర్ కూత వినిపిస్తే అది మన పాయసానిదే. పిన్నీ, నెలాఖర్లో పాయసం అంటే పాలు, జీడిపప్పు, నెయ్యి అన్నీ గుర్తొచ్చి చాలామంది ఆగిపోతారు.

పిన్ని: ఆగక్కర్లేదమ్మా. నలుగురికి అర కప్పు ఎర్ర గోధుమ నూక చాలు. బొంబాయి రవ్వ కాదు సుమా, దానికి పొట్టు తీసేస్తారు. ఇది పొట్టుతోనే విరిచిన గోధుమ.

నేను: ప్యాకెట్ కొంటావా?

పిన్ని: లేదు. రెండు కిలోల గోధుమలు కడిగి, బాగా ఎండబెట్టి, పిండిమరలో బరకగా పట్టిస్తా. ఇంటికొచ్చాక జల్లిస్తే కిందకి దిగిన పిండి చపాతీలకి, జల్లెడలో మిగిలిన నూక ఉప్మాకి, పాయసానికి. ఏదీ పోదు.

నేను: అన్నవరం ప్రసాదం కూడా గోధుమ నూకతోనే కదా! ఆకు విప్పగానే వచ్చే ఆ నెయ్యి వాసన...

పిన్ని: అబ్బ, దాని రుచే వేరు! అక్కడ నెయ్యి ధారాళంగా పడుతుంది. మనకి రెండు చెంచాలే. ఒక చెంచాతో ఇప్పుడు నూక వేయిస్తున్నా, చూడు. ఇందులోనే రెండు చెంచాల పెసరపప్పు కూడా.

నేను: పేలాల వాసన వస్తోంది. రంగు కూడా కాస్త మారింది.

పిన్ని: ఇక చాలు. మూడు కప్పుల నీళ్లు పోసి, కుక్కర్లో నాలుగు విజిల్స్. పాలల్లో ఉడికించకు. ఉడికించే పని నీళ్లు చేస్తాయి, పాలు రుచికి చివర్లో.

(కుక్కర్ ఆవిరి పోయాక)

పిన్ని: ఇదిగో, ఒక గింజ వేళ్ల మధ్య నలిపి చూడు.

నేను: వెన్నలా నలిగిపోయింది. పొట్టు మాత్రం పల్చగా వేలికి అంటుకుంది. మధ్యలో పలుకు లేదు.

పిన్ని: అలా ఉంటేనే బెల్లం వెయ్యాలి. పలుకుండగా బెల్లం పడిందంటే ఇక ఎంతసేపు ఉడికించినా నూక సరిగ్గా మెత్తబడదు. గ్యాసు దండగ. ముప్పావు కప్పు బెల్లం తురుము కొంచెం నీళ్లలో కరిగించి వడగట్టు. అడుగున ఇసుక ఎంత దిగుతుందో చూస్తే మళ్లీ ఎప్పుడూ వడగట్టకుండా వెయ్యవు.

నేను: పిన్నీ, ఉద్యోగంలో చేరిన కొత్తలో రూమ్‌లో మొదటిసారి పాయసం చేశాను. పాలు మరుగుతుంటేనే బెల్లం వేసేశాను. నీళ్లు ఒక పక్క, ముక్కలు ఒక పక్క. అర లీటరు పాలూ పోయాయి. అప్పుడు నా జీతానికి అది చిన్న విషయం కాదు, ఏడుపొచ్చింది.

పిన్ని: అయ్యో తల్లీ. కొన్ని బెల్లాల్లో కాస్త పులుపు గుణం ఉంటుంది, దానికి వేడి తోడైతే పాలు విరుగుతాయి. అందుకే పాకం పోసి ఐదు నిమిషాలు ఉడికాక స్టవ్ కట్టేసెయ్. గోరువెచ్చగా అయ్యాక కాచి చల్లార్చిన పాలు ఒక్క కప్పు.

నేను: ఒక్క కప్పుకే ఇంత చిక్కగా ఉందే!

పిన్ని: పెసరపప్పు వేసింది అందుకేగా. ఆ మిగిలిన చెంచా నెయ్యిలో పచ్చికొబ్బరి ముక్కలు, నాలుగు పల్లీలు వేయించి పైన వెయ్యి. మూడు యాలకులు దంచు. జీడిపప్పు లేదని ఎవరూ అడగరు.

నేను: రేపటికి మిగిలితే?

పిన్ని: ఫ్రిజ్‌లో గట్టిపడుతుంది. మళ్లీ మరిగించకు, వేడి నీళ్ల గిన్నెలో పెట్టి, గోరువెచ్చని పాలు కాసిని కలుపు. ఇంతకీ మైకు కాస్త పక్కన పెట్టమ్మా, గిన్నె పట్టుకో.