నంబర్ వన్ అయిన ఆరు రోజులకే ఓటమి: 2024 అలబామా జట్టుకు ఏమైంది?

[తెర మీద: 2024 సెప్టెంబర్ 28, టస్కలూసా. అలబామా 41, జార్జియా 34]

ఇది అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కథ. సొంత ఊరు టస్కలూసాలో జార్జియాను ఓడించిన మర్నాడు, ఆదివారం, ఏపీ ర్యాంకింగ్స్‌లో (జర్నలిస్టుల ఓట్లతో వారం వారం తేల్చే ర్యాంకులు) అలబామా నంబర్ వన్ అయింది. ఆ తర్వాతి శనివారం నాష్‌విల్ వెళ్ళి వాండర్‌బిల్ట్ చేతిలో 40-35తో ఓడిపోయింది.

[తెర మీద: 2024 అక్టోబర్ 5, నాష్‌విల్. వాండర్‌బిల్ట్ 40, అలబామా 35]

వాండర్‌బిల్ట్ అంటే ఎవరు? అంతకు ముందు ఏడాది 12 మ్యాచులాడి 10 ఓడిన జట్టు. ఈ మ్యాచ్‌కు మూడు వారాల ముందు జార్జియా స్టేట్ లాంటి చిన్న జట్టు చేతిలో కూడా ఓడింది. నంబర్ వన్ ర్యాంకు జట్టును ఓడించడం వాళ్ళ చరిత్రలో ఇదే మొదటిసారి. అలబామాను చివరిసారి ఓడించింది 1984లో. మ్యాచ్ అయ్యాక జనం గోల్‌పోస్ట్ పీకి, ఊరంతా మోసుకెళ్ళి, కంబర్లాండ్ నదిలో పడేశారు.

మాస్టర్స్ కోసం అమెరికా వచ్చి, శనివారం వచ్చిందంటే క్యాంపస్ చుట్టూ రోడ్లన్నీ ఎందుకు మూసేస్తారో అర్థం కాక తలపట్టుకునే మనవాళ్ళు చాలామంది. మెల్లగా ఆట అలవాటవుతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్: మన కాలేజీ జట్టు ఒక వారం అంత బాగా ఆడి, మరుసటి వారం ఇలా ఎలా ఆడింది?

ఈ ప్రశ్నకు టీవీల్లో, ఆఫీసుల్లో తరచూ వినిపించే జవాబు ఒకటుంది. "పెద్ద మ్యాచ్ గెలిచారు కదా, తలకెక్కింది. చిన్న జట్టని లైట్ తీసుకున్నారు." నన్నడిగితే ఇది బద్ధకపు జవాబు. పూర్తిగా అబద్ధమని అనను. 18 నుంచి 22 ఏళ్ళ కుర్రాళ్ళు, పొంగిపోతారు, అలిసిపోతారు. కానీ ఫలితం తెలిశాక ఏ ఓటమికైనా అతికించగలిగిన కారణం అసలు కారణం కాదు. గెలిచి ఉంటే "ఆత్మవిశ్వాసంతో ఆడారు" అనేవాళ్ళు కదా?

కాబట్టి జార్జియా మ్యాచ్‌నే మళ్ళీ చూద్దాం.

[గ్రాఫిక్: స్కోరు గీత. 28-0 దగ్గర ఆగి, మెల్లగా పైకి వెళ్ళే జార్జియా గీత]

రెండో క్వార్టర్‌లో అలబామా 28-0తో ఆధిక్యంలో ఉంది. చివరి స్కోరు 41-34. అంటే 28-0 తర్వాత ఆ ఇద్దరి మధ్య జరిగిన ఆటలో జార్జియా 34 కొట్టింది, అలబామా 13. చివర్లో ఒక దశలో జార్జియా 34-33తో ముందుకు కూడా వెళ్ళిపోయింది. ఆ మరుసటి ప్లేలోనే క్వార్టర్‌బ్యాక్ (అఫెన్స్‌ను నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు) జేలెన్ మిల్రో విసిరిన బంతిని, అప్పటికి 17 ఏళ్ళ రయన్ విలియమ్స్ పట్టుకుని 75 గజాల టచ్‌డౌన్ (బంతిని అవతలి కొసకు చేర్చడం) చేశాడు. నిమిషం కూడా మిగలని సమయంలో జార్జియా ఎండ్‌జోన్‌లోకి, అంటే టచ్‌డౌన్ చేయాల్సిన ఆ కొసలోకి, వేసిన బంతిని అలబామా డిఫెండర్ అందుకున్నాడు. అలా గెలిచారు.

ఇప్పుడు చెప్పండి, వాండర్‌బిల్ట్ దగ్గర బయటపడిన డిఫెన్స్ బలహీనత అక్టోబర్ 5న కొత్తగా పుట్టిందా? సెప్టెంబర్ 28నే, నంబర్ వన్ కాకముందే, రెండున్నర క్వార్టర్లపాటు కళ్ళ ముందే ఉంది. గెలుపు దాన్ని కప్పేసింది, అంతే. మనం జట్టు వారం వారం మారిపోయింది అనుకుంటాం. మారింది ఎక్కువగా ఫలితం. జట్టు అంతగా మారలేదు.

సరే, నాష్‌విల్‌లో ఏం జరిగింది?

[గ్రాఫిక్: రెండు గడియారాలు. వాండర్‌బిల్ట్ 42:08, అలబామా 17:52]

అరవై నిమిషాల ఆటలో 42 నిమిషాలు బంతి వాండర్‌బిల్ట్ దగ్గరే ఉంది. అలబామాకు దొరికింది 18 నిమిషాల లోపు. ఆ కాస్త సమయంలోనే వాళ్ళు 35 పాయింట్లు చేశారు, మిల్రో 310 గజాలు విసిరాడు. అంటే అలబామా అఫెన్స్ (బంతితో ముందుకెళ్ళి పాయింట్లు చేసే దళం) ఆ రోజు పేలవంగా ఏమీ ఆడలేదు. వాళ్ళ చేతికి బంతి రాలేదు.

ఎందుకు రాలేదంటే, డౌన్ల లెక్క చూడాలి. ఈ ఆటలో 10 గజాలు దాటడానికి నాలుగు ఛాన్సులిస్తారు, వాటినే డౌన్లంటారు. మూడో డౌన్‌లో దాటలేకపోతే మామూలుగా నాలుగోసారి బంతిని దూరంగా తన్ని అవతలివాళ్ళకు అప్పగిస్తారు. వాండర్‌బిల్ట్ ఆ రోజు 18 థర్డ్ డౌన్లలో 12 దాటింది. ప్రతిసారీ గడియారం తిరుగుతూనే ఉంది. పైగా 2023లో రూల్ మారింది. అంతకు ముందు ఫస్ట్ డౌన్ (10 గజాలు దాటితే మళ్ళీ దొరికే మొదటి ఛాన్సు) వచ్చినప్పుడల్లా గడియారం కాసేపు ఆపేవారు. ఇప్పుడు రెండు అర్ధభాగాల చివరి రెండు నిమిషాల్లో తప్ప ఆపరు. బంతిని నెమ్మదిగా నడిపించుకునే జట్టుకు ఇది వరం.

నా లెక్కలో అసలు కిటుకు ఇదే. మ్యాచ్‌లో ఒక్కో జట్టుకు బంతి చేతికొచ్చేది మామూలుగా పన్నెండు సార్లకు అటూ ఇటూ. అది ఇంకా తగ్గిందంటే బలమైన జట్టు తన బలం చూపించుకునే అవకాశాలు తగ్గినట్టే. క్రికెట్‌లో వర్షం పడి మ్యాచ్‌ను ఐదు ఓవర్లకు కుదిస్తే ఏ జట్టైనా ఏ జట్టునైనా ఓడించగలదని మనకు తెలుసు కదా. వాండర్‌బిల్ట్ వర్షం కోసం చూడకుండా తనే మ్యాచ్‌ను కుదించేసింది.

అలా కుదించిన మ్యాచ్‌లో ఒక్క ప్లే విలువ ఎంత పెరుగుతుందో చూడండి. మొదట్లోనే మిల్రో వేసిన ఒక పాస్ దారిలో తగిలి గాల్లోకి ఎగిరింది. వాండర్‌బిల్ట్ డిఫెండర్ దాన్ని అందుకుని 29 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఓటమి తేడా అయిదు పాయింట్లు. ఆ టచ్‌డౌన్ ఒక్కటే ఆరు. బంతి రెండడుగులు పక్కకు ఎగిరి ఉంటే ఈ వీడియోనే ఉండేది కాదు. నాలుగో క్వార్టర్‌లో మిల్రో చేతిలోని బంతిని డిఫెండర్ కొట్టేయడంతో ఫంబుల్ అయింది, అది కూడా వాండర్‌బిల్ట్‌కే దక్కింది. బంతిని జారవిడవడం తప్పే. కానీ కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఆ బంతి నేలకు తగిలాక ఎటు గెంతుతుందన్నది చాలావరకు అదృష్టమే.

[తెర మీద: డియేగో పావియా]

అన్నీ అదృష్టం ఖాతాలో వేసేస్తే వాండర్‌బిల్ట్‌కు అన్యాయం చేసినట్టు. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ డియేగో పావియా ఆ రోజు 20 పాసుల్లో 16 సరిగ్గా చేర్చాడు. అతను న్యూ మెక్సికో స్టేట్ నుంచి ట్రాన్స్‌ఫర్ అయి వచ్చినవాడు. 2023 నవంబర్‌లో ఆ జట్టు తరఫున ఆబర్న్ సొంత మైదానానికి వెళ్ళి 31-10తో ఓడించాడు. ఆబర్న్ అలబామాకు అదే రాష్ట్రంలోని బద్ధశత్రువు. అయినా పావియా సత్తా తెలియనట్టు అందరూ ఆశ్చర్యపోయారు! అతనితో పాటు అఫెన్స్ కోచ్ టిమ్ బెక్ కూడా అక్కడి నుంచే వచ్చాడు. ప్లేయర్లు స్వేచ్ఛగా కాలేజీలు మారుతున్న ఈ రోజుల్లో పోయినేడాది 2-10 రికార్డు చూసి ఈ ఏడాది జట్టును అంచనా వేయడం దండగ.

ఇంకో సంగతి కూడా ఉంది. వాండర్‌బిల్ట్‌కు అంతకు ముందు వారం మ్యాచ్ లేదు. ప్రిపేర్ అవడానికి రెండు వారాలు దొరికాయి. అలబామాకు ఒకే వారం. అమెరికా కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ రూల్ ప్రకారం సీజన్‌లో ప్రాక్టీసు, మీటింగులు, మ్యాచ్ అన్నీ కలిపి వారానికి 20 గంటలు దాటకూడదు. క్లాసులు, పరీక్షలు వేరే. బంతిని చేతికివ్వాలా, తనే పరిగెత్తాలా అని క్వార్టర్‌బ్యాక్ చివరి క్షణంలో తేల్చుకునే ఆప్షన్ తరహా ఆటను ఆపాలంటే డిఫెన్స్‌లో ప్రతి ఒక్కరూ తన మనిషిని వదలకూడదు. ఇది మాటలతో వచ్చేది కాదు, ప్రాక్టీసుతో రావాలి. జార్జియా లాంటి జట్టు కోసం సిద్ధమైనవాళ్ళకు ఆరు రోజుల్లో దీన్ని నేర్పడం ఎంత కష్టమో ఊహించండి. పైగా కోచ్ కేలెన్ డిబోర్‌కు అలబామాలో అది మొదటి సీజన్. నిక్ సేబన్ రిటైరైంది ఆ జనవరిలోనే.

[గ్రాఫిక్: అలబామా 2024 మ్యాచులు, రెండు రంగుల్లో: సొంత మైదానం, బయట]

ఇప్పుడు ఆ రెగ్యులర్ సీజన్ మొత్తాన్ని ఇలా విడగొట్టి చూడండి. టస్కలూసాలో ఏడు మ్యాచులు, ఏడూ గెలుపే. బయట ఐదు మ్యాచుల్లో రెండే గెలుపు. వాండర్‌బిల్ట్, టెన్నెసీ, ఓక్లహామా, మూడు ఓటములూ పరాయి మైదానాల్లోనే. టెన్నెసీ లాంటి చోట లక్షమంది అరుస్తుంటే క్వార్టర్‌బ్యాక్ మాట పక్కవాడికి వినపడదు. 2024 నుంచి హెల్మెట్‌లో రేడియో పెట్టి కోచ్ మాట్లాడే వీలు వచ్చింది కానీ, ప్లే క్లాక్‌లో (తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే గడువు) 15 సెకన్లు మిగిలేసరికి అది కట్ అవుతుంది. ఆ తర్వాత మైదానంలో కుర్రాళ్ళే చూసుకోవాలి.

గెలుపుల్ని కూడా అనుమానంగానే చూడాలి. వాండర్‌బిల్ట్ తర్వాతి వారం సౌత్ కరోలినాను 27-25తో గెలిచారు, "కోలుకున్నారు" అన్నారు. చివర్లో సౌత్ కరోలినా రెండు పాయింట్ల ప్రయత్నం సఫలమై ఉంటే స్కోరు సమానమయ్యేది. తర్వాత మిజోరీని 34-0తో చిత్తు చేశారు. కానీ ఆ మ్యాచ్ మధ్యలో మిజోరీ క్వార్టర్‌బ్యాక్ గాయపడి వెళ్ళిపోయాడు.

అలబామా ఒక్కటే ఇలా అని కాదు. అదే ఏడాది సెప్టెంబర్ 7న నోటర్‌డేమ్ సొంత మైదానంలో నార్దర్న్ ఇలినాయ్ చేతిలో 16-14తో ఓడింది. వాళ్ళను మ్యాచ్‌కు రప్పించడానికి 14 లక్షల డాలర్లు ఇచ్చి మరీ! మరుసటి వారం పర్డ్యూను 66-7తో కొట్టారు. చివరికి జాతీయ ఫైనల్ దాకా వెళ్ళారు. ఇటు నార్దర్న్ ఇలినాయ్ తన తర్వాతి మ్యాచ్‌లోనే బఫలో చేతిలో ఓడింది.

[తెర మీద: 2024 నవంబర్ 23. ఓక్లహామా 24, అలబామా 3]

ఇక ఓక్లహామా మ్యాచ్. దీనికి మాత్రం నేను అదృష్టాన్ని అడ్డం పెట్టను. అదే నెలలో ఎల్‌ఎస్‌యూ మీద మిల్రో ఒక్కడే 185 గజాలు పరిగెత్తి నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. ఓక్లహామా అతని పరుగును మూసేసి, "విసురు చూద్దాం" అంది. మూడు ఇంటర్‌సెప్షన్లు విసిరాడు, అంటే మూడుసార్లు బంతి అవతలివాళ్ళ చేతికి చిక్కింది. అలబామా ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేకపోయింది. 2011లో ఎల్‌ఎస్‌యూతో 9-6 మ్యాచ్ తర్వాత వాళ్ళకు అలా జరగడం అదే మొదటిసారి. ఒకే ఆటగాడి కాళ్ళ మీద నడిచే అఫెన్స్‌కు ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఆ కాళ్ళను ఆపగల డిఫెన్స్ ఎదురైన వారం రెండో దారి ఉండదు.

జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌లో మొదటిసారి 12 జట్లకు చోటిచ్చిన ఏడాది అది. 9-3తో ఉన్న అలబామా గడప దగ్గరే ఆగిపోయింది, చివరి చోటు ఎస్‌ఎమ్‌యూకు (సదర్న్ మెథడిస్ట్ యూనివర్సిటీ) దక్కింది. అప్పుడు జరిగిన గొడవలో వాండర్‌బిల్ట్ ఓటమి ప్రస్తావనా వచ్చింది. నా ఉద్దేశంలో ప్లేఆఫ్ జట్లను ఎంచే కమిటీ ఎక్కువగా అడగాల్సింది ఓక్లహామా గురించి.

[తెర మీద: సబ్‌స్క్రైబ్ గుర్తు. వచ్చే వీడియో: ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఎలా పనిచేస్తుంది?]